ఓవర్‌క్లాకింగ్ కన్నా ముందు ప్రాసెసర్ పేరు చివరి అక్షరం చూడండి

ప్రశ్న: నేను నరసరావుపేటలో ఇంటి దగ్గరే పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. 2019లో కొన్న కంప్యూటరులో ఐ5 9400ఎఫ్ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1650 కార్డు ఉన్నాయి. ఇటీవల కొత్త కెమెరా తీసుకున్నాను. అందులో 4:2:2 10 బిట్, హెచ్.265 పద్ధతిలో రికార్డు చేస్తున్నాను. అప్పటి నుంచి టైమ్‌లైన్ మీద ఫుటేజ్ ఆగి ఆగి నడుస్తోంది. హైదరాబాదులో ఉండే మా బావగారు కొత్త కంప్యూటరుకు జాబితా రాసిచ్చారు: ఐ5 14600కేఎఫ్, జెడ్790 మదర్‌బోర్డు, 240 ఎంఎం లిక్విడ్ కూలర్, 16 జీబీ ర్యామ్ ఒకే స్టిక్, ఆర్‌టీఎక్స్ 4060, 1 టీబీ ఎన్‌వీఎంఈ. ఓవర్‌క్లాక్ చేస్తే ఆగడం పూర్తిగా పోతుందని, పాత 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కరెంటు అందించే డబ్బా), క్యాబినెట్ వాడుకోవచ్చని అన్నారు. భాగాలు తెచ్చుకుని నేనే బిగించుకుందామని ఉంది. ఈ జాబితా సరైనదేనా? ఓవర్‌క్లాకింగ్ చేయవచ్చా? అన్నట్టు, పాత క్యాబినెట్‌ను ముట్టుకుంటే అప్పుడప్పుడు చిన్నగా షాక్ కొడుతుంది. దానివల్ల ప్రమాదమేమైనా ఉందా?

సమాధానం: మీ బావగారు రాసిచ్చిన జాబితా ఆటలు ఆడుకునే కుర్రవాడికైతే చాలావరకు సరిపోతుంది. మీ పనికి మాత్రం అది సరిపోదు. అందులోని ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ మీ అసలు ఇబ్బందిని తీర్చలేనివే కావడం విచిత్రం. అందువల్ల ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ను తయారీదారు పెట్టిన వేగం కన్నా ఎక్కువ వేగంతో నడపడం) సంగతి కాసేపు పక్కనబెట్టి, టైమ్‌లైన్ ఎందుకు ఆగుతోందో ముందు చూద్దాం.

కెమెరా వీడియోను కార్డు మీద రాసేటప్పుడు ప్రతి బిందువుకూ వెలుగు ఎంతో విడిగా రాసుకుంటుంది, రంగు సమాచారాన్ని మాత్రం కొంత తగ్గించి రాస్తుంది. ఫోన్లలోనూ మామూలు కెమెరాలలోనూ ఉండే 4:2:0 పద్ధతిలో నాలుగు బిందువులకు కలిపి ఒక్క రంగు విలువ ఉంటే, మీరు వాడుతున్న 4:2:2లో రెండు బిందువులకు ఒకటి చొప్పున ఉంటుంది. 10 బిట్ అంటే ఒక్కో విలువకు 256 మెట్లకు బదులు 1024 మెట్లు ఉంటాయి. పెళ్లికూతురి పట్టుచీర ఎరుపును, మండపం లైట్ల పసుపును తరువాత సరిచేసుకోవడానికి ఈ పద్ధతి ఎంతో మేలు చేస్తుంది కనుక కెమెరా ఎంపికలో మీ తప్పేమీ లేదు. అయితే హెచ్.265 పద్ధతిలో కుదించిన ఈ ఫైలును విప్పి తెరమీద చూపించాలంటే కంప్యూటరులో ఆ పనికే ప్రత్యేకంగా కట్టిన విభాగం ఒకటి ఉండాలి. అది లేకపోతే ప్రతి ఫ్రేమునూ ప్రాసెసర్ కోర్లే కష్టపడి విప్పుకోవలసి వస్తుంది. మీ 9400ఎఫ్‌లో పనిచేసే గ్రాఫిక్స్ విభాగమే లేదు, జీటీఎక్స్ 1650కేమో 4:2:2 విప్పడం తెలియదు.

ఇది నా మాట మీద నమ్మనక్కర్లేదు, మీరే చూసుకోవచ్చు. టైమ్‌లైన్ ఆగుతున్నప్పుడు టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ విభాగంలో గ్రాఫిక్స్ కార్డు మీద నొక్కితే ‘వీడియో డీకోడ్’ అనే చిన్న గ్రాఫు కనిపిస్తుంది. ఆ గీత నేలకు అతుక్కుపోయి, ప్రాసెసర్ గీత మాత్రం నూటికి తొంభై పైన కొట్టుకుంటూ ఉంటే, రోగం అదేనని నిర్ధారణ అయినట్టే. పాత కెమెరా ఫైలు ఒకటి పెట్టి చూడండి, ఆ చిన్న గ్రాఫులో కదలిక వస్తుంది.

ఇప్పుడు జాబితాకు వద్దాం. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ‘కే’ ఉంటే దాని వేగపు గుణకాన్ని మనం మార్చుకోవచ్చు, అంటే ఓవర్‌క్లాక్ చేసుకోవచ్చు. ‘ఎఫ్’ ఉంటే లోపలి గ్రాఫిక్స్ విభాగం పనిచేయదు. దుకాణాలలో ఎఫ్ రకం కొంచెం తక్కువ ధరకు వస్తుంది, ఎలాగూ విడిగా కార్డు కొంటున్నాం కదా అని చాలామంది దాన్నే తీసుకుంటారు. ఆటల కంప్యూటరుకు అది తెలివైన పనే. మీ పనికి మాత్రం ఆ అక్షరం వల్ల మీకు కావలసిన వస్తువే పోతుంది. ఎందుకంటే 2021లో వచ్చిన 11వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ల నుంచి ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్‌లో ఉండే క్విక్ సింక్ విభాగం హెచ్.265లోని 4:2:2 10 బిట్ వీడియోను నేరుగా విప్పగలదు. ఎన్‌విడియా కార్డులలో ఆ శక్తి 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 వరుసతోనే మొదలైంది కనుక ఆర్‌టీఎక్స్ 4060 ఈ ఒక్క విషయంలో మీ పాత 1650 కన్నా ఏమీ మెరుగు కాదు. 14600కేఎఫ్, 4060 కొని, దాన్ని ఎంత ఓవర్‌క్లాక్ చేసినా, లక్ష రూపాయలు పోసి ప్రాసెసర్ చేత మళ్లీ అదే చాకిరీ చేయించినట్టవుతుంది. కోర్లు ఎక్కువ కనుక పాతదాని కన్నా బాగానే నడుస్తుంది గాని, రెండు మూడు కెమెరాల ఫుటేజ్ పక్కపక్కన పెట్టేసరికి మళ్లీ మొదటికి వస్తుంది.

నా సలహా ఐ5 14500. చివర ఏ అక్షరమూ లేనిది. 6 పెద్ద కోర్లు, 8 చిన్న కోర్లు కలిపి 14 కోర్లు, 20 థ్రెడ్లు, అంటే కోర్ల లెక్కలో 14600కేతో సమానం. గరిష్ఠ వేగం దానికి 5.3 గిగాహెర్ట్జ్ అయితే దీనికి 5.0. ఇందులోని యూహెచ్‌డీ 770 గ్రాఫిక్స్‌లో వీడియో విప్పే యంత్రాలు రెండు ఉంటాయి. అదే 14400లో ఉండే యూహెచ్‌డీ 730లో ఒక్కటే ఉంటుంది కనుక అక్కడ కొద్ది రూపాయలు ఆదా చేయవద్దు. 14500 దొరక్కపోతే 13500 తీసుకోండి, ఆ రెండింటికీ తేడా స్వల్పం. ఈ ఎల్‌జీఏ 1700 సాకెట్‌కు కొత్త తరాలు రావు, అంటే నాలుగేళ్ల తరువాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే అవకాశం ఉండదని తెలిసే ఈ మాట చెబుతున్నాను. ఆ అవకాశం ముఖ్యమనుకుంటే ఏఎండీ ఏఎం5 సాకెట్‌లో రైజెన్ 7600 మంచి ప్రాసెసరే. కాని దాని లోపలి గ్రాఫిక్స్‌కు 4:2:2 రాదు కనుక అక్కడ ఆర్‌టీఎక్స్ 50 వరుస లాంటి కార్డు మొదటి రోజు నుంచే తప్పనిసరి అవుతుంది.

ఇందులో ఒక చిన్న చిక్కు ఉంది, కెమెరా మెనూలో చూసుకోండి. ఉదాహరణకు సోనీ కెమెరాలలో ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్ అంటే హెచ్.265, ఎక్స్‌ఏవీసీ ఎస్ అంటే హెచ్.264. రెండింటిలోనూ 4:2:2 10 బిట్ ఎంచుకునే వీలున్న మోడళ్లు ఉన్నాయి. నేను చెప్పిన ఇంటెల్ ప్రాసెసర్ హెచ్.265కు మాత్రమే సాయపడుతుంది, హెచ్.264లోని 4:2:2కు కాదు. ఆర్‌టీఎక్స్ 50 వరుస రెండింటినీ విప్పుతుంది. మీరు హెచ్.265 వాడుతున్నానని రాశారు కనుక ఇబ్బంది లేదు గాని, మీతో వచ్చే రెండో కెమెరా అబ్బాయి ఏది వాడుతున్నాడో ఒకసారి అడగండి.

మదర్‌బోర్డు విషయంలో జెడ్790కి బదులు బీ760 చాలు. ఇంటెల్ ప్రాసెసర్ గుణకాన్ని మార్చుకునే వీలు జెడ్ వరుస బోర్డులలోనే ఉంటుంది, ఆ వీలు కోసమే వాటికి వేలల్లో అదనంగా కడతాం. 14500కు ఆ తాళం ఎలాగూ తెరుచుకోదు. బీ760 తీసుకునేటప్పుడు ర్యామ్‌కు నాలుగు స్లాట్లు, ఎన్‌వీఎంఈకి కనీసం రెండు స్లాట్లు, ప్రాసెసర్ పక్కనుండే కరెంటు సర్దుబాటు భాగాల మీద లోహపు హీట్‌సింకు ఉన్నాయో లేదో చూడండి. బోర్డు మీది రంగురంగుల లైట్లకు మీ ఎడిటింగులో పనేమీ లేదు.

ర్యామ్ 32 జీబీ ఉండాలి, అదీ 16 చొప్పున రెండు స్టిక్కులుగా ఉండాలి. ఒకే స్టిక్ పెడితే ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య ఉన్న రెండు దారులలో ఒకటి ఖాళీగా పడి ఉంటుంది. లోపలి గ్రాఫిక్స్ కూడా అదే ర్యామ్‌ను పంచుకుంటుంది కనుక మీకు ఆ నష్టం ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. 2025 చివరి నుంచి డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఇక్కడ మీకు కలిసొచ్చే విషయం ఒకటుంది: బీ760 బోర్డులు డీడీఆర్4తోనూ, డీడీఆర్5తోనూ విడివిడిగా దొరుకుతాయి, మీ పాత కంప్యూటరులో ఉన్నది డీడీఆర్4. డీడీఆర్4 బోర్డు తీసుకుంటే ప్రస్తుతానికి ఆ పాత స్టిక్కులతోనే మొదలుపెట్టి, ధరలు చూసుకుని తరువాత 16 జీబీ స్టిక్కులు రెండు వేసుకోవచ్చు. మీ పనిలో డీడీఆర్5 తెచ్చే తేడా, 16 జీబీ నుంచి 32 జీబీకి వెళ్లినప్పుడు కనిపించే తేడా ముందు చాలా చిన్నది.

డిస్కుల విషయంలో లెక్క కట్టి చూద్దాం. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రికార్డయ్యే ఫుటేజ్ అంటే సెకనుకు 12.5 మెగాబైట్లు, గంటకు 45 జీబీ. నాలుగు కెమెరాల ఫుటేజ్ ఒకేసారి నడిపినా సెకనుకు 50 మెగాబైట్లే, దాన్ని సాటా ఎస్‌ఎస్‌డీ కూడా అవలీలగా అందిస్తుంది. సెకనుకు 7000 మెగాబైట్లంటూ పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసే డిస్కుకు ఎక్కువ కట్టనక్కర్లేదు. మామూలు 1 టీబీ ఎన్‌వీఎంఈ తీసుకుని, మిగిలిన డబ్బుతో 4 టీబీ హార్డ్ డిస్కు కొనండి. రెండు కెమెరాలతో ఎనిమిది గంటలు తీసిన పెళ్లి ఒక్కటే 720 జీబీ అవుతుందని గుర్తుంచుకుంటే, మీకు చాలనిది వేగం కాదు, చోటు అని మీకే తెలుస్తుంది.

గ్రాఫిక్స్ కార్డు వెంటనే కొనకండి. మీ 1650ను కొత్త బోర్డులో పెట్టుకుని, ఫుటేజ్ విప్పే పని లోపలి గ్రాఫిక్స్‌కు అప్పగించి ఒక నెల పనిచేసి చూడండి. మీరు ఎడియస్ వాడుతుంటే అందులో క్విక్ సింక్‌ను వాడుకునే ఏర్పాటు ఎన్నో ఏళ్లుగా ఉంది, ప్రీమియర్‌లోనూ ఉంది. రంగులు దిద్దడం, చిత్రంలోని నలుసులు (నాయిస్) తగ్గించడం లాంటి ఎఫెక్టులు భారీగా వాడే పద్ధతి మీదైతే అప్పుడు ఆర్‌టీఎక్స్ 5060 చూడండి, 4060 మాత్రం వద్దు. అయితే ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. విడిగా కార్డు పెట్టగానే అనేక బోర్డులు లోపలి గ్రాఫిక్స్‌ను వాటంతటవే ఆపేస్తాయి. బయోస్‌లోకి (కంప్యూటరు మొదలయ్యేటప్పుడు తెరుచుకునే బోర్డు సెట్టింగులలోకి) వెళ్లి ‘ఐజీపీయూ మల్టీ మానిటర్’ అనే అంశాన్ని ఎనేబుల్ చేసి, విండోస్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవరు వేసుకోవాలి. టాస్క్ మేనేజర్‌లో జీపీయూ 0, జీపీయూ 1 అని రెండూ కనిపిస్తేనే ఆ పని సరిగ్గా జరిగినట్టు. ఇది చేయక, సరైన ప్రాసెసర్ కొని కూడా ఫలితం లేదని వాపోయినవాళ్లను నేను చూశాను.

ఇక ఓవర్‌క్లాకింగ్. ఒకప్పుడు దీనికి నిజంగానే విలువ ఉండేది. 1998లో వచ్చిన సెలెరాన్ 300ఏ అనే చౌక ప్రాసెసర్‌ను బస్ (ప్రాసెసర్‌ను బోర్డుతో కలిపే దారి) వేగం 66 మెగాహెర్ట్జ్ నుంచి 100కు మారిస్తే 300 మెగాహెర్ట్జ్‌ది కాస్తా 450కి వెళ్లేది, అంటే పైసా ఖర్చు లేకుండా సగం వేగం అదనంగా వచ్చేది. తయారీదారు అప్పట్లో అంత మిగులు వదిలిపెట్టేవాడు. ఇప్పుడు ఆ మిగులును ప్రాసెసర్ తనంతట తానే, వేడినీ కరెంటునూ క్షణక్షణం కొలుచుకుంటూ, టర్బో పేరుతో వాడేసుకుంటోంది. మనకు మిగిలేది అడుగున అంటుకున్న గోకుడే.

ఆ గోకుడు ఎంతో చూడండి. 14600కేను 5.3 నుంచి 5.6 గిగాహెర్ట్జ్‌కు లాగగలిగారనుకుందాం. పెరిగిన వేగం నూటికి ఆరు కూడా లేదు. ప్రాసెసర్ కోర్ల మీదే నడిచే గంటసేపటి రెండరింగు (ఎడిట్ చేసినదాన్ని పూర్తి వీడియోగా తయారుచేయడం) 57 నిమిషాలకు తగ్గుతుంది. ఎక్స్‌పోర్ట్‌ను క్విక్ సింక్‌కు అప్పగిస్తే ఆ మూడు నిమిషాల లాభం కూడా దాదాపు ఉండదు, ఎందుకంటే అక్కడ పనిచేసేది కోర్లు కాదు. మరి ఖర్చు? ప్రాసెసర్ తినే కరెంటు వేగంతో పాటూ, వోల్టేజీ వర్గంతో పాటూ పెరుగుతుంది. ఆ వేగం నిలబడటానికి వోల్టేజీని 1.25 నుంచి 1.35కు పెంచవలసి వస్తే, వోల్టేజీ వల్ల 17 శాతం, వేగం వల్ల 6 శాతం, రెండూ కలిసి 23 శాతం ఎక్కువ కరెంటు, అంతే ఎక్కువ వేడి. ఆరు రూపాయల సరుకుకు ఇరవై మూడు రూపాయలు ఇచ్చే బేరం ఇది.

ఆ వేడి ఎక్కడ పుడుతోందన్నది ఇంకా ముఖ్యం. మీరు పల్నాడులో ఉన్నారు, రెంటచింతల ఎండల గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు. కూలర్ ఏదైనా గది గాలి వేడి మీద ఇన్ని డిగ్రీలు ఎక్కువ అన్న లెక్కలోనే ప్రాసెసర్‌ను ఉంచగలదు. జనవరిలో 24 డిగ్రీల గదిలో 84 దగ్గర నిలబడిన ప్రాసెసర్, ఏసీ లేని మే నెల గదిలో 38 డిగ్రీలుంటే 98కి చేరుతుంది. దాని హద్దు 100. ఆ హద్దు తగలగానే అది తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది కనుక మీరు పెంచిన వేగం మీకు దక్కదు. వైశాఖ, జ్యేష్ఠ మాసాల ముహూర్తాల పని అంతా ఆ ఎండల్లోనే మీ మీద పడుతుంది. అంటే వేగం మీకు అక్కర్లేని మూఢం రోజుల్లో దొరికి, అక్కరకొచ్చే రోజుల్లో మొహం చాటేస్తుందన్నమాట.

లిక్విడ్ కూలర్ ఉంది కదా అని బావగారు అనవచ్చు. నీళ్లు అనగానే మనకు మట్టికుండ గుర్తుకు వస్తుంది, కుండలో నీరు బయటి గాలి కన్నా చల్లగా ఉండటం నిజమే, ఎందుకంటే చెమ్మ పైకి వచ్చి ఆవిరవుతుంది. కూలర్ గొట్టాలలోని ద్రవం మాత్రం మూసిన దారిలో తిరుగుతూ ఉంటుంది, ఆవిరికి తావు లేదు. అది వేడిని ప్రాసెసర్ దగ్గర నుంచి రేడియేటర్ దాకా మోసుకుపోయి అక్కడ అదే గది గాలికి ఇస్తుంది. పైగా పంపు పాడైతే మొత్తం ఆగిపోతుంది. 120 ఎంఎం ఫ్యాను, నాలుగు హీట్‌పైపులు ఉన్న గాలి కూలర్ 14500కు ధారాళంగా చాలు. పెట్టెతో వచ్చే చిన్న కూలర్ మాత్రం పెద్ద రెండరింగుల దగ్గర చాలదు. బిగించేటప్పుడు కూలర్ అడుగున ఉండే పలుచని ప్లాస్టిక్ పొరను పీకేయడం మరచిపోకండి. పారదర్శకంగా ఉంటుంది కనుక కంటికి ఆనదు, దానితోనే బిగించేసి ప్రాసెసర్ ఉడికిపోతోందని బెంబేలెత్తేవాళ్లు ఎంతోమంది.

ఓవర్‌క్లాకింగ్‌తో వచ్చే అసలు ప్రమాదం కంప్యూటరు ఆగిపోవడం కాదు, ఆగకుండా తప్పుగా నడవడం. పదిహేనేళ్ల కిందట నేనూ ఈ సరదా తీర్చుకున్నాను. 1.8 గిగాహెర్ట్జ్ రెండు కోర్ల ప్రాసెసర్‌ను 3.0 దాకా లాగి, చలికాలమంతా మీసం మెలేశాను. ఏప్రిల్ వచ్చాక కంప్యూటరు ఒక్కసారీ ఆగలేదు గాని, భద్రపరిచిన జిప్ ఫైళ్లు తెరిస్తే కొన్ని పాడైపోయినట్టు చూపించడం మొదలుపెట్టాయి. కారణం తెలిసేలోపు ఒక ఫోటోల ఫోల్డరు పోయింది. తప్పు నాదే. చలికాలంలో పరీక్షించి, ఎండాకాలంలో నమ్మాను. మీ విషయంలో ఆ తప్పు మాంగల్యధారణ దగ్గర అర సెకను ఆకుపచ్చ మచ్చగా బయటపడవచ్చు, అది మీ కంట పడకముందే పెళ్లివారి టీవీలో పడవచ్చు.

ఎక్కువ వోల్టేజీ ప్రాసెసర్‌ను నెమ్మదిగా తినేస్తుందనడానికి ఓవర్‌క్లాక్ చేయనివారికి కూడా అనుభవం వచ్చింది. ఇంటెల్ 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లలో కొన్ని అవసరానికి మించిన వోల్టేజీ అడగడం వల్ల అస్థిరమవుతున్నాయని 2024లో తేలి, కంపెనీ ఆగస్టులో మైక్రోకోడ్ (ప్రాసెసర్‌ను లోపల నడిపించే ఆదేశాల) సవరణ విడుదల చేసి, వాటి వారంటీని మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. ఆ జాబితాలో మీ బావగారు చెప్పిన 14600కేఎఫ్ ఉంది, 14500 లేదు. ఏ బోర్డు కొన్నా మొదటి రోజే బయోస్‌ను కొత్త వెర్షనుకు మార్చుకోండి.

అయినా మీకు బయోస్‌లో వేలు పెట్టాలని ఉంటే రెండు పనులు చేయండి. మొదటిది ర్యామ్ ఎక్స్‌ఎంపీ. ర్యామ్ పెట్టె మీద రాసిన వేగం దానంతట అదే రాదు, ఎక్స్‌ఎంపీని ఆన్ చేయకపోతే స్టిక్కులు తక్కువ వేగంతోనే నడుస్తుంటాయి. ఆన్ చేశాక ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్86 నడిపి, ఒక్క తప్పు కూడా రాలేదని చూసుకోండి, ఒక్కటి వచ్చినా ఒక మెట్టు తగ్గించండి. రెండోది ఓవర్‌క్లాకింగ్‌కు తిరగేసిన పని. 14500కు ఇంటెల్ చెప్పిన గరిష్ఠ హద్దు 154 వాట్లు, కాని చాలా బోర్డులు ఆ హద్దును తీసేసి వస్తాయి. బయోస్‌లో దీర్ఘకాలిక, స్వల్పకాలిక పవర్ లిమిట్లు రెండింటినీ 125 వాట్లకు కట్టండి. ఇందాకటి వోల్టేజీ లెక్క ఇక్కడ మీ వైపు పనిచేస్తుంది: చివరి కొద్ది వేగమే ఎక్కువ కరెంటు తింటుంది కనుక, దాన్ని వదులుకుంటే వేడి బాగా తగ్గుతుంది, పనిలో తేడా గడియారం పెట్టి చూస్తే తప్ప తెలియదు.

బిగింపు మీరే చేసుకోండి, కష్టమేమీ కాదు. ఒక్క సాకెట్ దగ్గర మాత్రం ఊపిరి బిగబట్టాలి. పిన్నులు ప్రాసెసర్‌కు కాక బోర్డుకు ఉంటాయి, వెంట్రుకంత సన్నగా 1700. ప్రాసెసర్‌ను అంచులతో పట్టుకుని, గాట్లు సరిచూసి, నిలువుగా దించి వదిలేయాలి, జరపకూడదు. సాకెట్ మీద వచ్చిన నల్ల ప్లాస్టిక్ మూతను దాచి ఉంచండి, వారంటీకి పంపేటప్పుడు అడుగుతారు. ర్యామ్ స్టిక్కులు రెండైతే ప్రాసెసర్ వైపు నుంచి రెండు, నాలుగు స్లాట్లలో పెట్టాలి. సికింద్రాబాదులోని కంప్యూటర్ల బజారు సీటీసీలో కొన్నా, గుంటూరులో కొన్నా, ప్రాసెసర్ సీలు విప్పని పెట్టెతోనే తీసుకుని, బిల్లు మీద సీరియల్ నంబర్లు రాయించుకోండి. పెట్టె లేకుండా వచ్చే ట్రే ప్రాసెసర్‌కు తయారీదారు మూడేళ్ల వారంటీ వర్తించదు.

ఎస్‌ఎంపీఎస్ పాతది వద్దు. ప్రాసెసర్ 154, రేపు 5060 కొంటే దానికి 145, మిగతావాటికి 70 వేసుకుంటే 370 వాట్ల దాకా వస్తుంది, కాగితం మీద 450 చాలినట్టే కనిపిస్తుంది. కాని ఆరేడేళ్లు ఎండలో, దుమ్ములో పనిచేసిన దానిలోని కెపాసిటర్లు మొదటి రోజంత గట్టిగా ఉండవు, అది పోతే ఒంటరిగా పోతుందన్న భరోసా కూడా లేదు. మంచి పేరున్న 80 ప్లస్ బ్రాంజ్ లేదా గోల్డ్ రకం 650 వాట్లది తీసుకోండి. జెడ్790, లిక్విడ్ కూలర్ మానుకోవడంతో మిగిలిన డబ్బు ఇక్కడికి, యూపీఎస్‌కు మళ్లించండి. బజారులో ఎక్కువగా దొరికే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లే కనుక మీకు 1 కేవీఏ కావాలి. ఇంటి ఇన్వర్టరు మీదే నడుపుతున్నట్టయితే దాని వెనుక మీట యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూడండి, లేకపోతే కరెంటు పోయిన క్షణంలో ఎక్స్‌పోర్ట్ తెగిపోతుంది. క్యాబినెట్ ముందు జాలీ ఉండి, రెండు ఫ్యాన్లు పట్టే రకమైతే పాతదే ఉంచుకోవచ్చు.

చివరగా, మీరు ‘అన్నట్టు’ అంటూ చిన్న విషయంలా అడిగినదే వీటన్నిటికన్నా అత్యవసరం. ప్రతి ఎస్‌ఎంపీఎస్‌లోనూ కరెంటు తీగల నుంచి లోహపు డబ్బాకు రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి, వాటి గుండా వచ్చే స్వల్ప కరెంటు ఎర్త్ తీగ ద్వారా భూమిలోకి పోవాలి. ఎర్త్ లేకపోతే డబ్బా మీద మెయిన్ వోల్టేజీలో సగం, అంటే 115 వోల్టుల దాకా నిలబడి, ముట్టుకున్నప్పుడు మీకు చిమచిమలాడుతుంది. మామూలుగా అది ప్రాణాలు తీసేంత కరెంటు కాదు, కాని లోపల ఏదైనా తీగ తెగి డబ్బాకు తగిలితే ఫ్యూజు పోవలసిన చోట మీ ఒళ్లే దారి అవుతుంది. బోర్డుకు కేబుళ్లు పెట్టేటప్పుడు యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ పోర్టులు కాలిపోయేది కూడా ఇలాంటి ఇళ్లలోనే. మూడు పిన్నుల ప్లగ్గు ఉన్నంత మాత్రాన గోడలో ఎర్త్ ఉన్నట్టు కాదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మీటరు పెట్టి చూడమనండి. మొదటిదానిలో 230కి దగ్గరగా, రెండోదానిలో ఒకటి రెండు వోల్టులకు మించకుండా రావాలి. అలా రాకపోతే ఎర్త్ గుంట బాగుచేయించాకే కొత్త భాగాలకు డబ్బు కట్టండి. ఈలోగా ఆ పాత కంప్యూటరు మీద ఎడిటింగు సాగడానికి, ఫుటేజ్‌ను ప్రాక్సీలుగా (ఎడిటింగు కోసం తేలికపాటి నకళ్లుగా) మార్చుకుని పనిచేయండి. రాత్రి పడుకునే ముందు పెడితే తెల్లారేసరికి తయారవుతాయి, టైమ్‌లైన్ కూడా ఆగదు.